మన పుట్టినరోజు

గుండీకి 'నా' అనే మాట రాదు. ఐదేళ్ళు నిండబోతున్నాయి, నోరు విప్పితే కింది అంతస్తు వాళ్ళకి కూడా వినిపిస్తుంది, అయినా ఆ ఒక్క మాట మాత్రం పలకదు. "మన చెప్పులు ఎక్కడున్నాయమ్మా?" అంటుంది. "మన మోకాలికి దెబ్బ తగిలింది" అంటుంది. ఓ రోజు బడి నుంచి కబురొస్తే తల్లి పరుగెత్తుకుంటూ వెళ్ళింది. పిల్ల బెంచీ మీద ముడుచుకుని పడుకుని "మనకి కడుపునొప్పి" అని మూలుగుతోంది. కడుపునొప్పి కూడా ఉమ్మడి ఆస్తే.

పంతులమ్మ మొదట్లో నవ్వుకుంది. తర్వాత ఓ రోజు పక్కకి పిలిచి అడిగింది.

"మీ ఇంట్లో ఎంతమంది పిల్లలమ్మా?"

"ఇదొక్కతేనండీ."

"మరి అన్నిటికీ మన మన అంటుందేంటి?"

తల్లి ఏదో నసిగి బయటపడింది. ఏం చెబుతుంది పాపం, నేర్పింది తనే అయినప్పుడు?

ఆమెని అందరూ గుర్తులమ్మ అంటారు. లాండ్రీలో పని. అక్కడికొచ్చే ప్రతి బట్టకీ కాలరు లోపలో, అంచు మడతలోనో చెరగని సిరాతో గుర్తు వేయడం ఆమె ఉద్యోగం. ఒక ఇంటి బట్టలకి చుక్క మీద గీత, ఇంకో ఇంటి బట్టలకి గీత కింద రెండు చుక్కలు. నలభై ఇళ్ళ బట్టలు ఒకే డ్రమ్ములో పడి ఒకదాన్నొకటి చుట్టుకుని తిరుగుతాయి. బయటికొచ్చాక ఏది ఎవరిదో చెప్పేది ఆ గుర్తే. ఉతుకులో ఊడిపోయిన గుండీలు డ్రమ్ము అడుగున చేరుతుంటాయి. పిల్ల బడి అయ్యాక లాండ్రీకొచ్చి వాటితోనే ఆడుకునేది కాబట్టి గుండీ అయింది. అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంది, అక్కడ తప్ప ఎక్కడా పనికిరాదు.

భర్త జబ్బు చేసి పోయినప్పుడు గుండీకి ఏడాదిన్నర. అన్నయ్య వచ్చి, ఉన్న నాలుగు సామాన్లూ బండికెత్తి, ఇద్దరినీ తన ఇంటికి తీసుకెళ్ళాడు. అన్నయ్య మంచివాడు. వదిన చెడ్డదని చెప్పడానికి కూడా నోరు రాదు. ఉన్నవే రెండు గదులు, ఇద్దరు మగపిల్లలు, వాళ్ళ మధ్యకి ఇంకో ఇద్దరు వచ్చి పడితే ఎంత మంచిదానికైనా విసుగు రాకుండా ఉంటుందా? బావలు వాళ్ళ బొమ్మల్ని "నాది, నాది" అని లాక్కునేవాళ్ళు. ఒకసారి గుండీ కూడా తన గుడ్డబొమ్మని "నాది" అని లాక్కుంది. చిన్నబావ కిందపడి ఏడ్చాడు. వదిన ఏమీ అనలేదు. ఏమీ అనకుండా గిన్నెలు తోమడం మొదలుపెట్టింది, ఆ చప్పుడులోనే అంతా ఉంది.

గుర్తులమ్మ పిల్లని పొయ్యి దగ్గరి మూలకి తీసుకెళ్ళి, కింద కూర్చుని, చెవిలో చెప్పింది. "నాది అనకూడదమ్మా. మనది అనాలి." ఆ రోజుతో సరిపెట్టిందా? మూడేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. పిల్ల నేర్చుకుంది. ఇంత బాగా నేర్చుకుంటుందని మాత్రం తల్లి అనుకోలేదు.

పుట్టినరోజులు కూడా అలాగే అయ్యాయి. గుండీది పదకొండో తారీఖు, చిన్నబావది అదే నెలలో ఇరవై మూడు. పన్నెండు రోజుల తేడాకి రెండు కేకులు దండగని వదిన రెండూ కలిపి ఇరవై మూడున చేసేది. కేకు మీద చిన్నబావ పేరుండేది. గుండీ పేరు కూడా రాస్తే అక్షరాలు చిన్నవైపోతాయట. గుండీ కేకుకి ఆ చివర నిలబడి, తన వైపు వచ్చినంత మంటని ఊదేది. మూడు పుట్టినరోజులు అలా గడిచాయి. పుట్టినరోజంటే పిల్లలందరూ ఒకచోట చేరి ఒక్కసారే పెద్దవాళ్ళవడం అని పిల్ల అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది, వేరే రకం పుట్టినరోజు చూస్తే కదా!

రెండు నెలల క్రితం గుర్తులమ్మ మూడో అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకుంది. ఒక కిటికీ, ఒక కుళాయి, పొయ్యి పెట్టుకోడానికి ఒక గట్టు. అంతే. తాళం వేసి తాళంచెవి చేతిలో పట్టుకున్న రోజు, మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి ఎక్కి తాళం లాగి చూసింది. పడిందో లేదోనని కాదు. అలా లాగి చూడడం బాగుంది.

అప్పుడే గట్టిగా అనుకుంది. ఈసారి గుండీ పుట్టినరోజు గుండీదే. పదకొండో తారీఖునే. కేకు మీద ఒక్క పేరు, ఊదడానికి ఒక్క నోరు. ఆ రోజైనా పిల్ల నోట 'నా' అనే మాట వినాలి. అది వినకపోతే ఈ గదీ, ఈ తాళంచెవీ ఎందుకని ఆమెకి అనిపించింది.

తారీఖు అదృష్టవశాత్తూ ఆదివారం పడింది. డబ్బులు మాత్రం ఏ వారం పడితే ఆ వారం వచ్చేవి కావు. అందుకని లాండ్రీలో ఇస్త్రీ బాబాయి సలహా అడిగింది. ఇస్త్రీ బాబాయి అక్కడ ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సమానంగా సలహాలిస్తాడు.

"ఎంతమందిని పిలుస్తున్నావ్?"

"బడి పిల్లలు ఆరుగురు. వదినా, పిల్లలిద్దరూ. అన్నయ్యకి ఆ రోజు డ్యూటీ."

"ఎన్నింటికి?"

"ఆరింటికి అనుకుంటున్నా బాబాయ్."

బాబాయి ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె వైపు జాలిగా చూశాడు. "ఆరింటికి పిలిస్తే అన్నం పెట్టాలమ్మాయ్. నాలుగింటికి పిలువు. మధ్యాహ్నం తిన్నది అప్పటికింకా అరగదు, రాత్రి ఆకలి ఇంకా మొదలవదు. కేకు ముక్క, గుప్పెడు పాప్‌కార్న్, గ్లాసుడు పళ్ళరసం. ఆరు కొట్టేసరికి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుపోతారు."

"అబ్బో! ఎన్ని పుట్టినరోజులు చేశావేంటి నువ్వు?"

"నలుగురు పిల్లలే నాకు. ఎన్ని చెయ్యకుండా తప్పించుకున్నానో అడుగు."

బుడగల విషయంలోనూ అతని లెక్క అతనికుంది. గదినిండా కట్టకు, ఓ అరడజను గుమ్మానికి కట్టు, లోపలికొచ్చాక పిల్లలు గోడలు చూడరు, కేకు చూస్తారు అన్నాడు. పిల్లలకి ఇచ్చి పంపడానికి ఏం కొనాలా అని ఆమె తల పట్టుకుంటే, మూలనున్న చిరుగుల దుప్పటి చూపించాడు. హోటలువాళ్ళు పారేయమన్న తెల్ల దుప్పటి. చిరుగులు తప్పించి చూస్తే గుడ్డ గట్టిది. యజమానిని అడిగితే "తీసుకెళ్ళు, చోటు ఖాళీ అవుతుంది" అన్నాడు. గుర్తులమ్మ దాన్ని చదరాలుగా కత్తిరించి, అంచులు కుట్టి, ఎనిమిది రుమాళ్ళు చేసింది. ఒక్కో రుమాలు మూల ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు, రంగుదారంతో. ఒకరికి చేప, ఒకరికి గొడుగు, ఒకరికి మెట్లు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో గుర్తులు వేస్తూ ఆమె నవ్వుకోవడం అదే మొదటిసారి.

బేకరీలో పనిచేసే అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "పేరేం రాయాలండీ?"

"గుండీ."

"గుండీ అంటే? చొక్కా గుండీయా?"

"ఆఁ, అదే."

"ఇంకేమన్నా రాయాలా?"

"ఒక్క పేరే!" అంది గుర్తులమ్మ. అవసరమైన దానికంటే గట్టిగా అన్నట్టుంది, వెనకున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

ఇక పిలుపులు. కార్డులు కొట్టించే స్తోమత లేదు. లాండ్రీ పాత రసీదుల వెనకవైపు ఇంటి గుర్తులూ, ఆదివారం నాలుగు గంటలూ రాసిచ్చింది. సంగతేంటో పిల్ల నోటితో చెబుతుందిలే అనుకుంది. పొరపాటంతా అక్కడే జరిగింది.

జడ వేస్తూ పాఠం చెప్పించింది. "ఏదీ, ఎలా పిలుస్తావో చెప్పు. ఆదివారం నా పుట్టినరోజు, మా ఇంటికి రండి."

"ఆదివారం మన పుట్టినరోజు, మన ఇంటికి రండి."

"మన కాదే. నా."

"నా..." అని గుండీ తలుపు వైపు చూసింది. గుమ్మంలో ఎవరైనా ఉన్నారేమోనని చూసినట్టు చూసింది. "...మన" అంది.

గుర్తులమ్మ చేతిలో జడపాయ ఆగిపోయింది. అయినా నవ్వుతూనే చెప్పింది. "వేరేవాళ్ళతో మన ఇల్లు అనకూడదమ్మా. మన ఇల్లంటే వాళ్ళది కూడా అని అర్థం."

"వాళ్ళది కూడానా?"

"కాదు! అందుకే అనకూడదంటున్నా."

"మరి మామయ్య వాళ్ళ ఇంటిని మన ఇల్లు అనమన్నావు కదా?"

తల్లి గబగబా జడ బిగించి రిబ్బను కట్టేసింది.

ఆదివారం మూడున్నరకే వదిన వచ్చింది, పిల్లలిద్దరినీ వెంటేసుకుని. వచ్చీ రాగానే చీర కొంగు దోపుకుని పాప్‌కార్న్ పని అందుకుంది. అదీ వదిన. పని దగ్గర వంక పెట్టడానికి ఉండదు. గది చూసి, కిటికీ చూసి, "గాలి బాగానే వస్తోంది" అంది. కేకు చూసింది. పేరు చదివింది. తర్వాత సంచిలోంచి కొవ్వొత్తుల పొట్లం తీసింది.

"ఆరు తెచ్చాను. చిన్నోడికి కూడా పన్నెండు రోజుల్లో ఆరు నిండుతాయి కదా. పనిలో పనిగా వాడివి కూడా ఓ పక్కన గుచ్చేద్దాం. మళ్ళీ వేరే కేకెందుకు?"

ఆమె మామూలుగానే అంది. ఏటా అనే మాటే. గుర్తులమ్మ మాత్రం మూడేళ్ళు ఆ ఇంటి అన్నం తిన్న మనిషి. వదిన మాటకి ఎదురు చెప్పిన సందర్భం ఒక్కటి కూడా గుర్తులేదు.

"వదినా, ఏమీ అనుకోకు. ఈసారికి గుండీ ఒక్కదానిదే చేస్తున్నా."

వదిన పొట్లం చేతిలోనే పట్టుకుని నిలబడింది. "అనుకోడానికేముంది? సొంత ఇల్లయింది కదా ఇప్పుడు" అంది. 'సొంత' అనే మాటని కాస్త సాగదీసి, పొట్లం సంచిలో వేసుకుంది. ఆ తర్వాత పాప్‌కార్న్ గిన్నె చప్పుడు పెరిగింది.

నాలుగింటికి పిల్లలు రావడం మొదలైంది. ఒకరి వెనక ఒకరు ఐదుగురు. సీసాలో ఎన్ని గుండీలున్నాయో చెప్పే ఆట పెడితే గది దద్దరిల్లింది. ఒకడు వెయ్యి అన్నాడు, ఒకతె పదకొండు అంది. ఆరో పిల్ల ఇంకా రాలేదు.

నాలుగున్నరకి మెట్ల మీద దగ్గు వినిపించింది. ఒక ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకుని రెండు జడల పిల్ల. వీధి చివర తాళాలు బాగుచేసే తాత, గుర్తులమ్మకి ముఖం తెలుసు, మాటల్లేవు. పిల్లకి కొత్త గౌను, చంక కింద ధర చీటీ కట్టిన దారం ఇంకా వేలాడుతోంది. తాత చేతిలో బిస్కెట్ల డబ్బా, అందరికీ సరిపోయేంత పెద్దది. పిల్ల లోపలికి రాగానే అటూ ఇటూ చూడకుండా నేరుగా వెళ్ళి కేకు పక్కన నిలబడింది. కేకుకి ఈ వైపు, గుండీకి సరిగ్గా ఎదురుగా.

"ఆలస్యమైందా తల్లీ? కొట్టు కట్టేసి వచ్చేసరికి ఈ వేళయింది" అన్నాడు తాత, ఆయాసం తీర్చుకుంటూ. "ఎంత మంచి పని చేశారమ్మా! మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఏంటి తాతగారూ?"

"ఇవాళ దీని పుట్టినరోజని."

గుర్తులమ్మకి అర్థం కాలేదు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. "శుక్రవారం బడి నుంచి గెంతుకుంటూ వచ్చింది. ఆదివారం మన పుట్టినరోజు తాతా అంది. మన అంటే ఎవరిదే అన్నాను. నాదీ, గుండీదీ అంది. గుండీయే చెప్పింది, మన పుట్టినరోజు, మన ఇంట్లో అని. నేనెలా కాదంటాను? దీన్ని నా చేతుల్లో పెట్టేసరికే రెండు పళ్ళొచ్చి ఉన్నాయి. ఎప్పుడు పుట్టిందని అడుగుదామంటే చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. బడిలో చేర్చేటప్పుడు పంతులమ్మే ఏదో తేదీ వేసుకుంది. నాకు చదువు రాదు. ఆ తేదీ ఇదే కాబోలు, బడివాళ్ళు కలిపి చేస్తున్నారు కాబోలు అనుకున్నా." గౌను వైపు చూపించాడు. "నిన్ననే కొన్నాను."

వదిన గిన్నె పక్కన పెట్టి ఇటే చూస్తోంది. సొంత మేనల్లుడికి లేదన్నావుగా, ఇప్పుడేం చేస్తావో చూస్తా అన్నట్టుంది ఆ చూపు. కనీసం గుర్తులమ్మకి అలా అనిపించింది.

ఏం చేయాలి? ఇంకో ఐదు కొవ్వొత్తులు గుచ్చేస్తే సరిపోతుంది. ఎవరికీ బాధ ఉండదు. ముసలాయన సంతోషిస్తాడు, ఆ పిల్ల సంతోషిస్తుంది, గుండీ సంగతి చెప్పనే అక్కర్లేదు, మన అంటుంది, జరిగి చోటిస్తుంది. ఎప్పుడూ ఇచ్చేదే కదా. అంత తేలిగ్గా అయిపోయే పని కాబట్టే ఆమెకి ఏడుపొచ్చింది. ఒక్క రోజు. ఏడాదికి ఒక్కటంటే ఒక్క రోజు కూడా ఈ పిల్లకి దక్కదా?

అయినా ఆ గౌను దారం వంక చూస్తూ కాదనడానికి మనసొప్పలేదు. గుండీని పొయ్యిగట్టు దగ్గరికి పిలిచింది. కింద కూర్చుంది. చెవి దగ్గరికి నోరు తీసుకెళ్ళింది. అప్పుడు తట్టింది, మూడేళ్ళ క్రితం కూడా సరిగ్గా ఇలాగే కూర్చున్నానని. నోరు వెనక్కి తీసుకుని, మామూలు గొంతుతోనే అడిగింది.

"ఆ అమ్మాయి ఇవాళ తన పుట్టినరోజు కూడా అనుకుని వచ్చిందమ్మా. ఇద్దరూ కలిసి ఊదుతారా? నీ ఇష్టం. నువ్వెలా అంటే అలా."

నీ ఇష్టం అన్న మాట గుండీ ఎప్పుడూ వినలేదు. తల్లి ముఖంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. కేకు వైపు చూసింది.

"దాని మీద ఎవరి పేరుంది?"

"నీది."

"చిన్నబావది లేదా?"

"లేదు."

"ఆ అమ్మాయిది?"

"లేదమ్మా. నీ ఒక్కదానిదే."

గుండీ తలుపు వైపు చూసింది. అత్త వైపు చూసింది. అత్త కూడా దాన్నే చూస్తోంది. గుండీ తన గౌను అంచు రెండు పిడికిళ్ళతో పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, కింది అంతస్తుకి వినిపించే ఆ గొంతుతో అనేసింది.

"ఇది నా పుట్టినరోజు."

రెండు జడల పిల్ల కేకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇన్నాళ్ళూ వినాలని ఎదురుచూసిన మాట. తీరా వినేసరికి గుర్తులమ్మ నాలుక చివరికి వచ్చిందేమిటో తెలుసా? "అలా అనకూడదమ్మా." మూడేళ్ళ అలవాటు దానంతటదే పైకి తన్నుకొచ్చింది. ఇంకో రెప్పపాటులో అనేసేదే. నాలుక కరుచుకుంది. ఇప్పుడా మాట అంటే పిల్ల మళ్ళీ జన్మలో 'నా' అనదని ఆమెకి తెలుసు. సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. పిల్ల తల మీద చెయ్యి వేసి, "అవును. నీదే" అంది.

తర్వాత లేచి వెళ్ళి ముసలాయనకి ఉన్నదున్నట్టు చెప్పింది. తన కూతురు అన్నిటికీ మన అంటుందని, ఇవాళ తన కూతురొక్కదాని పుట్టినరోజేనని, పొరపాటు తనదని. ఆయన ముఖం చిన్నబోయింది. బిస్కెట్ల డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మీదేం లేదు తల్లీ. చిన్నపిల్ల మాట పట్టుకుని నేనే... పదవే, మనం వెళదాం."

"వెళ్ళకండి తాతగారూ. ఆ పిల్లని పిలిచాం మేము. దానికి రుమాలు కూడా కుట్టాను."

ఆయన వినిపించుకోకుండా చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. రెండు జడల పిల్ల కింది పెదవి వణుకుతోంది. ఇంతలో గుండీ వచ్చి దాని ముందు నిలబడింది.

"నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"తెలీదు."

"తాతకి?"

"తాతకీ తెలీదు."

గుండీ నొసలు ముడిచింది. ఎవరిదో తెలియని బట్ట చేతికొస్తే తల్లి కూడా అలాగే నొసలు ముడుస్తుంది. "ఎవరికీ తెలీకపోతే నీకెప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు. రేపు పెట్టుకో." అని, అంతలోనే అనుమానమొచ్చి వెనక్కి తిరిగింది. "చిన్నబావా, రేపు నీదా?"

"కాదు. నాది ఇరవై మూడు" అన్నాడు వాడు, కోపంగా.

మిగతా ఐదుగురినీ అడిగింది. ఎవరిదీ కాదు.

"చూశావా? రేపు ఖాళీ. రేపు నీది."

రెండు జడల పిల్లకి నమ్మకం కుదరలేదు. "మొత్తం నాదేనా?"

"మొత్తం. నేనొస్తా. మా అమ్మ కూడా వస్తుంది."

మా అమ్మ! ఎవరూ నేర్పకుండానే సరిగ్గా అనేసింది. ముసలాయన చెప్పులు వదిలేసి, గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "రేపే మరి. కేకు తెస్తాలే" అన్నాడు, మనవరాలికి కాదు, తనకి తను చెప్పుకున్నట్టు. ఆ పిల్ల వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుని, చెవిలో "రేపు నా పుట్టినరోజంట తాతా" అని అందరికీ వినిపించేలా చెప్పింది.

గుండీ ఐదు కొవ్వొత్తుల్నీ ఒక్కతే ఊదింది. మూడు ఊపిర్లు పట్టాయి. నాలుగోది ఆరినట్టే ఆరి మళ్ళీ వెలిగింది. చిన్నబావ సాయం చేద్దామని బుగ్గలు పూరించాడు. వదిన చటాల్న వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆరింటికి పిల్లలంతా రుమాళ్ళు పట్టుకుని వెళ్ళారు. వెళ్ళేముందు వదిన సంచిలోంచి పొట్లం తీసి ముసలాయన చేతిలో పెట్టింది. "రేపటికి ఉంచుకోండి. మావాడికింకా టైముంది." గుమ్మం దగ్గర ఆగి ఆడపడుచుతో అంది. "ఇరవై మూడున రండి. చిన్నోడొక్కడిదే చేస్తాను. వాడు కూడా ఏటా ఏడుస్తూనే ఉన్నాడు, గుండీ ఊదేస్తోందని. నీకు చెప్పలేదంతే."

గుర్తులమ్మ నవ్వింది. వదిన కూడా నవ్వింది. మూడేళ్ళలో ఇద్దరూ ఒకేసారి నవ్వింది తక్కువ.

మర్నాడు సోమవారం. లాండ్రీలో గంట సేపు సెలవడిగి, గుండీని బడి నుంచి నేరుగా తాళాల కొట్టుకి తీసుకెళ్ళింది. ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాళ్ళు బయటుండాల్సిన కొట్టు అది. గోడ నిండా మేకులకి తాళంచెవులు. తాత బల్ల మీదున్న ఆకురాళ్ళూ, స్క్రూడ్రైవర్లూ కిందపెట్టి, గుడ్డతో తుడిచి, మధ్యలో అరచేతంత కేకు పెట్టాడు. దాని మీద పేరు పట్టేంత చోటు లేదు. కొవ్వొత్తులు మాత్రం నిటారుగా నిలబడ్డాయి. రెండు జడల పిల్ల నిన్నటి గౌనే వేసుకుంది. దారం ఎవరో తెంపేశారు.

"నువ్వూ రా తల్లీ" అని పిలిచాడు తాత, గుండీని. "నీ పుణ్యమే కదా. ఇద్దరూ కలిసి ఊదండి."

గుర్తులమ్మ పిల్ల వైపే చూసింది. పెద్దవాళ్ళు ప్రేమగా పిలిస్తే కాదనడం ఈ పిల్లకి రాదు. వెళుతుంది, ఆ చివర నిలబడుతుంది, తన వైపు వచ్చినంత మంట ఊదుతుంది, నిన్నటిదంతా నీళ్ళపాలవుతుంది అనుకుంది.

గుండీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడప దిగి కొట్టు బయట నిలబడింది.

"వద్దు తాతా. నాది నిన్న అయిపోయింది. ఇవాళ తనది."

రెండు జడల పిల్ల ఊదింది. అన్నీ ఒకే ఊపిరికి ఆరిపోయాయి. గుండీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

గుర్తులమ్మకి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. మన అనడం నేర్పి పిల్లకి మంచి మనసు నేర్పానని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంది. నేర్పింది భయం. ఎవరో లాక్కుంటారని ముందే ఇచ్చేయడం నేర్పింది. ఇవాళ గడప బయట చేతులు కట్టుకుని నిలబడడం మాత్రం తను నేర్పింది కాదు. నాది అనేది ఒకటుందని తెలిశాక, నీది అనడం పిల్లకి దానంతటదే వచ్చింది.

తాత కేకు కోశాడు. మొదటి ముక్క తనది, రెండో ముక్క గుండీది అని రెండు జడల పిల్ల పంచింది. గుండీ దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది.

"ఇది నాదా?"

"నీదే."

గుండీ మెట్టు మీద కూర్చుని మొత్తం తినేసింది. తల్లి పక్కనే ఉందని కూడా చూడలేదు, చిన్న తునక కూడా మిగల్చలేదు, వేళ్ళు కూడా నాకేసుకుంది. తనకి వాటా దక్కనందుకు గుర్తులమ్మ అంతగా సంతోషించిన రోజు ఇంకొకటి లేదు.